గంట మోగితే ఏం చెయ్యాలి?

చిన్నీకి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

మీ స్కూలు వాళ్లు థర్మల్ స్టేషన్ చూపించారట కదా. కంట్రోల్ రూమ్‌లో అలారం మోగగానే అక్కడి అంకుల్ ఒక బటన్ నొక్కి దాన్ని ఆపేశారనీ, "ఆయన పని అంతేనా తాతయ్యా?" అనీ చిన్నీ అడిగింది. భలే ప్రశ్న.

ఆ బటన్‌తో మోత ఆగుతుంది, లోపల జరిగేది ఆగదు. "చూశాను" అని చెప్పడమే అది. అసలు పని ఆ తర్వాతే మొదలు.

అమ్మ స్నానానికి వెళ్తూ "మూడు విజిల్స్ రాగానే స్టవ్ కట్టెయ్" అంటుంది కదా. ఎప్పుడు, ఏం చెయ్యాలో రెండూ చెప్పేసింది. ఉత్తినే "కుక్కర్ చూస్తుండు" అంటే మొదటి కూతకే కంగారు పడతారు, లేదా పప్పు మాడేదాకా టీవీ చూస్తారు.

బాయిలర్ కూడా పెద్ద కుక్కరే. దాని పైన నీళ్లూ ఆవిరీ ఉండే డ్రమ్ ఉంటుంది. అందులో నీళ్లు మరీ తగ్గితే మంటల్లో ఉండే నీటి ట్యూబులు కాలిపోతాయి, మరీ పెరిగితే ఆవిరితో పాటు, ఆవిరితో తిరిగే చక్రమైన టర్బైన్‌లోకి పోయి బ్లేడ్లను దెబ్బతీస్తాయి. అందుకే "డ్రమ్ లెవెల్ లో", అంటే డ్రమ్‌లో నీళ్లు తగ్గాయి అనే అలారాన్ని సాఫ్ట్‌వేర్‌లో పెట్టేటప్పుడే, ఆ బాయిలర్ నడిపినవాళ్లను కూర్చోబెట్టుకుని దాని పక్కన రాసుకోవాలి: బాయిలర్‌కు నీళ్లు పంపే ఫీడ్ పంప్ చూడు, ఆగి ఉంటే అవసరానికి ఉంచిన స్టాండ్‌బై పంప్ వెయ్యి, అప్పటికీ లెవెల్ రాకపోతే లోడ్, అంటే కరెంటు తయారీ, తగ్గించు. కుక్కర్‌కు సేఫ్టీ వాల్వ్ ఉన్నట్టే, నీళ్లు ఇంకా పడిపోతే బాయిలర్‌ను దానంతటదే ఆపేసే ట్రిప్ ఉంటుంది. అలారం అంతకంటే ముందే, మనిషి చెయ్యి కదిపే టైం ఉండగానే రావాలి.

మా చిన్నప్పుడు కుక్కర్ ఎక్కడిది! కట్టెల పొయ్యి, ఇత్తడి గిన్నె. వానాకాలం తడి కట్టెల పొగకు కళ్లు మండిపోయేవి. అమ్మ బావికి వెళ్తూ నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, "ఎసరు పొంగితే మూత తియ్యి, కట్టె వెనక్కి లాగు" అనేది. అంతే. నాకు టెన్షనే ఉండేది కాదు. చెయ్యాల్సింది తెలిస్తే భయం సగం తగ్గుతుంది నాయనా.

అలారాలు మరీ ఎక్కువైనా కష్టమే. 1994 జూలై 24న బ్రిటన్‌లో, వేల్స్‌లోని మిల్ఫర్డ్ హేవెన్ చమురు శుద్ధి ఫ్యాక్టరీలో (రిఫైనరీ) పేలుడు జరిగింది. అంతకుముందు 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల మీద 275 అలారాలు వచ్చిపడ్డాయి. వంటింట్లో అన్ని కుక్కర్లు ఒక్కసారే కూస్తే ఏది పప్పో, ఏది అన్నమో ఎవరు చెప్పగలరు? ప్రాణాలు పోలేదు, 26 మందికి చిన్న గాయాలయ్యాయి. తర్వాత 1999లో బ్రిటన్ ఇంజినీర్లు ఒక మార్గదర్శి తెచ్చారు. మామూలు రోజుల్లో పది నిమిషాలకు ఒక అలారం మించకపోతే మనిషి తట్టుకోగలడని అందులో ఉంది. పక్కన రాయడానికి పనేమీ దొరకని అలారాన్ని తీసెయ్యాల్సిందే. నేను ఇది గట్టిగా నమ్ముతాను.

మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా. దాని మీద ఏయే లైట్లు ఉన్నాయో, ఓవర్‌లోడ్ లైటు వెలిగితే ఏం చెయ్యాలో దాంతో వచ్చిన పుస్తకంలో వెతకండి. చేత్తో ఏదీ ముట్టుకోకండి, నాన్న పక్కన ఉండాలి. అందులో రాసి లేకపోతే మీరే నాన్నను అడిగి, చీటీ మీద రాసి దాని పక్కన అంటించండి.

మీ తాతయ్య