ముందే షుగర్ ఉండి తల్లి కాబోతున్నారా? అపోహలు - వాస్తవాలు

గర్భంతో వచ్చి కాన్పుతో పోయే షుగర్ సంగతి వేరు. నెల తప్పకముందే టైప్ 1 గానీ టైప్ 2 గానీ ఉన్నవాళ్ల కోసం ఇది.

అపోహ: నెల తప్పాక షుగర్ తగ్గించుకుంటే సరిపోతుంది.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం గర్భం నిలిచిన 28 రోజులకల్లా మూసుకుంటుంది. నెలసరి రాలేదని పరీక్ష చేసుకునేసరికే అందులో సగం రోజులు అయిపోతాయి. గుండె కూడా మొదటి రెండు నెలల్లోనే రూపు కడుతుంది. అప్పుడు షుగర్ ఎక్కువుంటే గర్భస్రావం, అవయవ లోపాల ముప్పు పెరుగుతుంది. ఆ తర్వాత ఎంత అదుపు చేసినా ఏర్పడిన లోపం సరికాదు.

అందుకే హెచ్‌బీఏ1సీ (గత మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6.5 శాతం లోపుకి వచ్చాక గర్భానికి ప్రయత్నించడం మంచిది. 10 దాటి ఉంటే మాత్రం తగ్గేదాకా ఆగాల్సిందే. ఐరన్ లోపం ఉన్నవాళ్లలో ఈ అంకె అసలు కంటే ఎక్కువ చూపించవచ్చు కాబట్టి గ్లూకోమీటర్ రీడింగులతో పోల్చి చూడాలి.

ఫోలిక్ యాసిడ్ రోజుకు 5 మి.గ్రా., గర్భానికి మూడు నెలల ముందు నుంచి గర్భం 12వ వారం దాకా వేసుకోవాలి. ఐరన్ మాత్రలో కలిసి ఉండే కాస్త ఫోలిక్ యాసిడ్ మీకు చాలదు. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మందులను లబెటలాల్, నిఫెడిపిన్ లాంటివాటికి మార్పించుకోవాలి, సొంతంగా ఆపేయకండి. కంటి రెటీనా పరీక్ష కూడా ముందే చేయించుకోండి. చాలాకాలం ఎక్కువున్న షుగర్‌ను ఒక్కసారిగా దించితే రెటీనా దెబ్బ ముదరవచ్చు.

అపోహ: ఇన్సులిన్ బిడ్డకు చేరి హాని చేస్తుంది.

ఇన్సులిన్ మాయను (ప్లాసెంటాను) దాటదు. దాటేది గ్లూకోజ్. ఆ అదనపు గ్లూకోజ్‌కి బిడ్డ క్లోమం సొంతంగా ఇన్సులిన్ ఎక్కువ తయారుచేస్తుంది. దాంతో ఒళ్లు, భుజాలు లావెక్కుతాయి. బొడ్డు తాడు కోయగానే గ్లూకోజ్ ఆగిపోతుంది, బిడ్డ ఇన్సులిన్ మాత్రం ఆగదు. పుట్టిన బిడ్డకు షుగర్ పడిపోయేది ఇందుకే. అరగంటలోపు పాలు పట్టాలి, రక్తంలో షుగర్ చూడాలి.

గర్భంలో తల్లి షుగర్ (మి.గ్రా./డె.లీ.) పరగడుపున 95 లోపు, తిన్న గంటకు 140 లోపు, రెండు గంటలకు 120 లోపు ఉండాలి. అదే సమయంలో 70 కంటే కిందికి పోకూడదు.

ఇన్సులిన్ డోసు సరిగ్గా ఉన్నా సిరంజి తప్పయితే అంతా తప్పే. సీసా మీద 40 ఐయూ అని ఉంటే ఎర్ర మూత సిరంజి, 100 ఐయూ అని ఉంటే నారింజ మూత సిరంజి. 40 సీసాలోంచి నారింజ మూతతో తీస్తే ఒంట్లోకి వెళ్లేది సగం కూడా ఉండదు. 100 సీసాకి ఎర్ర మూత వాడితే రెండున్నర రెట్లు వెళ్తుంది, అది ఇంకా ప్రమాదం.

అపోహ: డోసు పెరుగుతోందంటే జబ్బు ముదిరినట్టే.

పెరగడం మాయ హార్మోన్ల పని. నాలుగో నెల దాటాక మొదలై, తొమ్మిదో నెలకు రెండు మూడు రెట్లు కావచ్చు. భయపడాల్సింది దీనికి ఎదురు జరిగితే: ఆఖరి నెలల్లో తిండి మారకుండానే షుగర్ పదేపదే పడిపోతూ డోసు బాగా తగ్గించాల్సి వస్తే, మాయ పనితీరు ఒకసారి చూపించుకోవాలి. బిడ్డ కదలికలు తగ్గితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

అపోహ: షుగర్ ఉంటే సిజేరియన్ తప్పదు.

షుగర్ ఒక్కటే కారణం కాదు. బిడ్డ బరువు, బీపీ, పాత కాన్పు చూసి నిర్ణయిస్తారు. ఏ చిక్కూ లేకపోతే 37 నుంచి 39 వారాల మధ్య నొప్పులు తెప్పించి సహజ కాన్పు చేయవచ్చు.

అపోహ: కాన్పయ్యాక కూడా అదే డోసు.

మాయ బయటికి రాగానే ఇన్సులిన్ అవసరం ఒక్కసారిగా తగ్గుతుంది. గర్భానికి ముందున్న డోసుకో, అంతకంటే తక్కువకో దించాలి. కానీ టైప్ 1 వాళ్లు పూర్తిగా మానకూడదు. మన ఇళ్లలో చిక్కు బాలింత పథ్యంతో వస్తుంది: రెండు ముద్దల అన్నం, పైగా పాలివ్వడం, మీద పాత డోసు, దాంతో షుగర్ పడిపోవచ్చు. రాత్రి పాలిచ్చే ముందు ఏదైనా కాస్త తినండి. 70 కిందికి పడితే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి.