పడమటి కిటికీ, కర్టెన్ వెనక గాలి

మందపాటి బ్లాకవుట్ కర్టెన్ వేసినా నైరుతి బెడ్‌రూమ్ సాయంత్రం నాలుగింటికి ఉడికిపోతోంది, ఎందుకని ఓ కూకట్‌పల్లి పాఠకురాలి ప్రశ్న. ఇంటి యజమాని పడకగది నైరుతిలోనే ఉండాలంటుంది వాస్తు. హైదరాబాద్‌లో సాయంత్రపు ఎండ దంచేదీ ఆ వైపే. ఆ ముక్క సిద్ధాంతిగారు చెప్పరు.

ముందు లెక్క చూద్దాం. నాలుగు అడుగులు బై ఐదు అడుగుల కిటికీ అంటే సుమారు 1.86 చదరపు మీటర్లు. మే నెల సాయంత్రం పడమటి గోడ మీద చదరపు మీటరుకు 600 నుంచి 700 వాట్ల ఎండ పడుతుంది. సూర్యుడు కిందికి దిగాక పైనున్న సన్‌షేడ్ అడ్డుపడదు. మామూలు అద్దం 80 శాతం దాకా లోపలికి వదిలేస్తుంది. అంటే గదిలో ఒక కిలోవాట్ హీటర్ పెట్టుకున్నట్టే లెక్క. టన్ను ఏసీ తోడిపోసేది 3.5 కిలోవాట్లు, అందులో పావు వంతు పైగా ఈ కిటికీకే ఖర్చు. అదే డిసెంబరు రాత్రి లోపల 24, బయట 14 డిగ్రీలుంటే అద్దం గుండా పోయే వేడి వంద వాట్ల చిల్లరే. బట్ట ఎంత దళసరిగా ఉంటే అంత మంచిదనే మాట చలిదేశాలది. మనకు కావలసింది ఎండను వెనక్కి కొట్టే కర్టెన్.

ముదురు రంగు గుడ్డ ఎండను మింగి వేడెక్కుతుంది, ఆ వేడిని పరారుణ కిరణాలుగా వదులుతుంది. ఆ పొడవాటి తరంగాలను అద్దం బయటికి పోనివ్వదు. గది చీకటైతే చల్లబడిందనుకుంటారు చాలామంది. వెలుతురు వేడిగా మారిందంతే. అందుకే అద్దం వైపు తెల్లటి లైనింగ్ ఉండాలి. గది వైపు రంగు మీ ఇష్టం.

అసలు దొంగ మాత్రం కర్టెన్‌కూ అద్దానికీ మధ్యనున్న గాలి. అది వేడెక్కి పైకి లేచి, రాడ్ దగ్గరి సందులోంచి గదిలోకి వస్తుంది. ఖాళీ అయిన చోటికి కింది అంచు నుంచి గదిలోని చల్లగాలి దూరుతుంది. కిటికీ పొడవునా పొగగొట్టం కట్టినట్టే, ఎండ ఉన్నంతసేపూ ఆగదు. సాయంత్రం నాలుగింటికి కర్టెన్ పై అంచు మీద చెయ్యి పెడితే వేడిగాలి తగులుతుంది. వెలిగించిన అగరబత్తిని కింది అంచుకు జానెడు దూరంలో పట్టుకుంటే పొగ లోపలికి లాగేసుకుపోతుంది. సింథటిక్ గుడ్డ ఇట్టే అంటుకుంటుంది, ఇంకా దగ్గరకు తేవద్దు. చలికాలం రాత్రి ఇదే దారి తిరగబడుతుంది: అద్దం దగ్గర చల్లబడ్డ గాలి కిందికి జారి కాళ్లకు కొడుతుంది.

రింగుల కర్టెన్లకు ఈ జబ్బు ఎక్కువ. పైన అలలు అలలుగా సందులు, పక్కన బ్రాకెట్ పొడవున మూడు నాలుగంగుళాల ఖాళీ. పైన సందు మూసేలా 12 మి.మీ. ప్లైవుడ్ పెల్మెట్, అంటే రాడ్‌ను పైనుంచి కప్పే పెట్టె, గోడకు ఆనించి బిగించండి. రాడ్ కిటికీకి రెండు పక్కలా ఆరేసి అంగుళాలు ఎక్కువ ఉండాలి, గుడ్డ వెడల్పు రాడ్‌కు రెట్టింపు. చివరి మడతను గోడ వైపు తిప్పి వెల్క్రోతో అంటించండి. కింద అంచు నేలకు తగలాలి. రెండు చివర్లలో ఏదో ఒకటి మూసినా ప్రవాహం చాలావరకు తగ్గుతుంది. నాకైతే పైదే ముఖ్యం.

కోటింగ్ ఉన్న కర్టెన్‌ను వేడినీళ్లలో మెషిన్‌లో వేస్తే పొర ఊడి పొట్టు రాలుతుంది. చన్నీళ్లలో జాడించి, పిండకుండా ఆరేయండి. ఇస్త్రీ గుడ్డ వైపే, తక్కువ వేడి మీద. రంగు అద్దాలకు లోపల అల్యూమినియం ఫాయిల్ అంటించడం మాత్రం వద్దు: ఎండ పడ్డ భాగం, నీడలో ఉన్న అంచు వేర్వేరుగా వ్యాకోచించి అద్దం పగలొచ్చు.

నిజానికి బాల్కనీ బయట కట్టిన వెదురు చిక్ గానీ, ఆకుపచ్చ షేడ్ నెట్ గానీ ఎంత ఖరీదైన కర్టెన్‌నైనా ఓడిస్తుంది. వేడి అద్దానికి అవతలే ఆగిపోతుంది కదా. పై అంతస్తు వాళ్లకు స్లాబు వేడిదే ప్రధాన సమస్య. దానికి కర్టెన్ ఏమీ చేయలేదు, పైన తెల్ల పూత వేయించాలి.

ఎండాకాలంలో ఉదయం ఎనిమిదికల్లా కిటికీలు మూసి, పడమటి వైపు ఎండ తిరగకముందే కర్టెన్ లాగేయండి. పొద్దుగూకి బయట చల్లబడ్డాక రెండూ తెరవండి. కూలర్ వాడే గదిలో మాత్రం ఈ మూత పనిచేయదు: కూలర్ తోసే గాలి బయటికి పోవాలి, లేకపోతే తేమ పేరుకుని ఉక్కపోస్తుంది. అక్కడ ఎండ పడని వైపు కిటికీని ఓ జానెడు తెరిచి ఉంచాలి.