డేటాబేస్‌కి దూరం ఎలా తెలుస్తుంది?

"నా స్నేహితులు మెచ్చుకున్న గ్రంథాలయాల్లో ఇక్కడికి 2 కిలోమీటర్ల లోపు ఉన్నవేవి?" అడిగేవాళ్లకి ఇది ఒకే ప్రశ్న. గ్రాఫ్ డేటాబేస్‌కి మాత్రం రెండు పనులు. స్నేహితులెవరు, వాళ్లకి ఏవి నచ్చాయి అన్నది దానికి వెన్నతో పెట్టిన విద్య. 2 కిలోమీటర్ల లోపు అనేసరికే తంటా మొదలవుతుంది.

గ్రాఫ్ డేటాబేస్‌లో ప్రతి మనిషీ, ప్రతి చోటూ ఒక నోడ్. వాటి మధ్య ఉన్న సంబంధాలు గీతలు. నియో4జె లాంటి వాటిలో ఒక నోడ్ చేతికి చిక్కితే చాలు, దానికి కలిసిన నోడ్‌ల జాడ అక్కడే ఉంటుంది. మొత్తం నోడ్‌లు లక్షయినా, కోటయినా పక్క నోడ్‌కి వెళ్లడానికి పట్టే సమయం పెద్దగా మారదు. కానీ ఎదురెదురుగా ఉన్న రెండు భవనాల మధ్య గ్రాఫ్‌లో ఏ గీతా ఉండకపోవచ్చు. పోనీ, అన్ని చోట్ల మధ్యా దూరాలు ముందే గీతలుగా గీసేద్దామా అంటే లక్ష చోట్లకి దాదాపు 500 కోట్ల జతలు తేలతాయి. ఆ దారి మూసుకుపోయినట్టే. ఇక మిగిలింది ఇండెక్స్.

మామూలు ఇండెక్స్ అంటే నిఘంటువులో పదాల్లా విలువల్ని వరసగా పేర్చుకోవడం. పేర్లకీ, తేదీలకీ ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. చోటుకి రెండు అంకెలుంటాయి: అక్షాంశం, రేఖాంశం. ఒక్క అక్షాంశం ప్రకారమే వరస పెట్టి ఆ 2 కిలోమీటర్ల ప్రశ్న అడిగితే, భూమిని చుట్టి వచ్చే 4 కిలోమీటర్ల వెడల్పు పట్టీలో ఉన్నవన్నీ వచ్చి పడతాయి.

దీనికి ఒక విరుగుడు ఆర్-ట్రీ. ఆంటొనిన్ గట్‌మన్ 1984లో ప్రతిపాదించాడు. దగ్గర దగ్గరగా ఉన్న చోట్లని ఒక దీర్ఘచతురస్రంలో పెడతారు, అలాంటి కొన్నిటిని ఇంకా పెద్ద దాంట్లో పెడతారు, అలా పైదాకా. వెతికేటప్పుడు మన ప్రాంతాన్ని తాకని పెట్టె ఎదురైతే దాని లోపలున్న వేలాది చోట్లని చూడకుండానే వదిలేయొచ్చు. నియో4జెకి మొదట్లో వచ్చిన స్పేషియల్ లైబ్రరీ (చోట్ల సంగతి చూసే అదనపు తోడు) ఈ చెట్టుని గ్రాఫ్‌లోనే నోడ్‌లుగా, సంబంధాలుగా దాచింది. ఆలోచన నాకు భలే నచ్చింది గానీ ఖర్చు లేకపోలేదు. కొత్త చోటు చేరినప్పుడల్లా పై పెట్టెల హద్దులు సరిచేయాల్సి రావచ్చు. ఒకేసారి పదిమంది రాస్తుంటే అందరూ ఆ పై నోడ్‌ల దగ్గరే క్యూ కడతారు.

2018లో వచ్చిన నియో4జె 3.4 వేరే దారి పట్టింది. 1891లో గణిత శాస్త్రవేత్త డేవిడ్ హిల్బర్ట్ ఒక వక్రరేఖని వర్ణించాడు. అది మెలికలు తిరుగుతూ చతురస్రంలో ప్రతి మూలనీ తడుముతుంది. చతురస్రాన్ని చిన్న గళ్లుగా కోసి, రేఖ వెళ్లే క్రమంలో నంబర్లు వేస్తే రెండు అంకెల చోటు ఒక్క అంకెకి దిగుతుంది. ఇక దాన్ని మామూలు ఇండెక్స్‌లో పెట్టేయొచ్చు.

16 గళ్లతో చూద్దాం. పై వరస 5, 6, 9, 10. దాని కింద 4, 7, 8, 11. ఆ కింద 3, 2, 13, 12. అట్టడుగున 0, 1, 14, 15. వేలు పెట్టి 0 నుంచి 15 దాకా నడవండి, ఎక్కడా గెంతాల్సిన పని ఉండదు. పక్క పక్క నంబర్లు ఎప్పుడూ పక్క పక్క గళ్లే. తిరగేసి చూస్తే మాత్రం తేడా కొడుతుంది: అడుగు వరసలో 1, 14 ఆనుకునే ఉన్నాయి, నంబర్లలో ఎంత ఎడమో చూడండి. నట్టనడుమ ఉన్న నాలుగు గళ్లు కావాలంటే 2, 7, 8, 13 తేవాలి. అంటే ఇండెక్స్‌లో మూడు చోట్ల తవ్వాలి: 2 ఒకటి, 7-8 కలిపి ఒకటి, 13 ఒకటి. మూడు సార్లు ఎందుకని 2 నుంచి 13 దాకా ఒకేసారి లాగితే నాలుగు గళ్ల కోసం పన్నెండు వస్తాయి. ఎంత సన్నగా ముక్కలు చేయాలి, ఎంత చెత్తని ఓర్చుకోవాలి అన్న బేరం ఈ పద్ధతిలో ఎప్పుడూ ఉండేదే.

పైగా మనం అడిగింది వృత్తం. ఇండెక్స్ వెతికేది దాన్ని చుట్టిన పెట్టెని. చోట్లు సమానంగా పరుచుకుని ఉంటే పెట్టెలో దొరికిన వాటిలో 21 శాతం మూలల్లోవే, అంటే వృత్తం బయటివి. అందుకే చివర్లో ఒక్కొక్కదానికీ అసలు దూరం లెక్కగట్టి ఏరేస్తారు. భూమి గుండ్రమన్న సంగతీ ఇక్కడే అడ్డొస్తుంది: రేఖాంశంలో ఒక డిగ్రీ భూమధ్యరేఖ దగ్గర 111 కిలోమీటర్లుంటే 60 డిగ్రీల అక్షాంశం దగ్గర అందులో సగమే. 180 డిగ్రీల రేఖని దాటే పెట్టెనైతే రెండుగా కోయాల్సిందే.

క్వెరీ, అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్న, రాసేవాళ్ల చేతిలోనూ కొంత ఉంది. అక్షాంశ రేఖాంశాల్ని విడివిడిగా దాచుకుని, క్వెరీలో అప్పటికప్పుడు రెండూ కలిపి ఒకే విలువగా, అంటే బిందువుగా మారిస్తే బిందువుల ఇండెక్స్ దేనికీ పనికిరాదు. బిందువునే దాచాలి. ఒక బిందువు భూగోళ నిరూపకాల్లో, ఇంకొకటి మామూలు గ్రాఫు కాగితం నిరూపకాల్లో ఉంటే నియో4జె దూరం చెప్పదు, నల్ ఇస్తుంది, అంటే సున్నా కాదు, విలువే లేదని. ఎర్రర్ రాదు, ఫలితాలు మాత్రం ఖాళీ. డేటా లేదేమో అనుకుని ఎక్కడెక్కడో వెతుక్కుంటాం. అక్షాంశం బదులు రేఖాంశం రాసేసినా చాలాసార్లు ఇంతే, కిక్కురుమనదు.

మళ్లీ ఆ గ్రంథాలయాల ప్రశ్నకే వస్తే, ఏ కొసన మొదలుపెట్టాలి? స్నేహితులు మెచ్చుకున్నవి ముప్పయ్యే అయితే నేరుగా ఆ ముప్పయ్యింటి దూరాలు లెక్కేస్తే సరి, చోటు ఇండెక్స్‌తో పనే లేదు. వేలల్లో ఉంటే ముందు చోటు, తర్వాత సంబంధాలు. డేటాబేస్ తన దగ్గరున్న గణాంకాలు చూసి అంచనా వేస్తుంది గానీ అది తప్పే సందర్భాలూ ఉంటాయి. క్వెరీ ముందు ప్రొఫైల్ అన్న మాట చేర్చి నడిపితే ఏ మెట్టులో ఎన్ని వరసలు పుట్టాయో కనిపిస్తుంది. నా లెక్కలో ఇండెక్స్ పెట్టడం కన్నా అది చూడటమే ముందు పని.

"దగ్గర్లోని ఐదు చెప్పు" అన్నది ఇంకా చిక్కు ప్రశ్న. ఎంత దూరం లోపు అన్న హద్దు అందులో లేదు. హిల్బర్ట్ వరసలో ఉన్నవి దూరం వరసలో రావు కాబట్టి హద్దు ఇవ్వకపోతే ఉన్నవన్నీ కొలిచి, పేర్చి, ఐదు తీయడమే. చిన్న వ్యాసార్థంతో మొదలుపెట్టి, వృత్తంలో ఐదు దొరికేదాకా రెట్టింపు చేసుకుంటూ పోవడం మేలు. ఆర్-ట్రీకి ఈ అవస్థ లేదు, దగ్గరి పెట్టెల్ని ముందు తెరుచుకుంటూ ఐదు తేలగానే ఆగిపోగలదు.