విదేశీ నగరాల్లో మెట్రో, బస్ పాసులు: అపోహలు - వాస్తవాలు

ప్యాకేజీ టూర్ వద్దనుకుని సొంతంగా విదేశాలు తిరిగే కుటుంబాలకు రోజువారీ ప్లాన్ వేసి ఇవ్వడం నా పని. వీసాలు, హోటళ్ల సంగతి తేలగానే దాదాపు అందరూ అడిగేది ఒకటే: "ఐదు రోజులు ఉంటాం, ఏ పాస్ తీసుకోమంటారు?" రోజుల లెక్క ఒక్కటే చూసి ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేం. వారంలో ఏ రోజు దిగుతున్నారు, విమానాశ్రయం నుంచి ఎలా వస్తారు, బస ఏ జోన్‌లో (చార్జీల కోసం ఊరిని విడగొట్టిన భాగాల్లో) ఉంది, రోజుకు ఎన్నిసార్లు రైలో బస్సో ఎక్కుతారు... ఈ నాలుగూ తెలిస్తే ఏ పాస్ కావాలో, అసలు కావాలో వద్దో దానంతట అదే తేలిపోతుంది. ఇవి చూసుకోకుండా కొంటే డబ్బు పోవడంతో ఆగదు, కొన్ని ఊళ్లలో జరిమానా కూడా కట్టాల్సి వస్తుంది. అందుకే నేను తరచుగా వినే అపోహలను ఇక్కడ ఒక్కొక్కటిగా విప్పి చెబుతున్నాను.

అపోహ: టూరిస్ట్ పాస్ కొంటే ఎలా చూసినా లాభమే.

వాస్తవం: రోజు పాస్ ధరను ఒక్క ప్రయాణం చార్జీతో భాగించండి. వచ్చిన అంకె కంటే ఎక్కువసార్లు ఎక్కితేనే పాస్ గిట్టుబాటవుతుంది. ఊరు చూడటానికి వెళ్లినవాళ్లు రోజుకు మూడు నాలుగుసార్లకు మించి ఎక్కడం అరుదు. పొద్దున బస నుంచి బయల్దేరేటప్పుడు ఒకసారి, మధ్యాహ్నం ఇంకో వైపు వెళ్లేటప్పుడు ఒకసారి, రాత్రి తిరిగి వచ్చేటప్పుడు ఒకసారి. మిగతాదంతా నడకే, పైగా ఊరు కనబడేది నడకలోనే. లండన్‌లో లీస్టర్ స్క్వేర్ స్టేషన్‌కూ కోవెంట్ గార్డెన్ స్టేషన్‌కూ మధ్య 300 మీటర్లు కూడా ఉండదు. కిందికి దిగి, రైలు కోసం నిలబడి, మళ్లీ పైకి వచ్చేలోపు హాయిగా నడిచి చేరిపోవచ్చు. పాస్ ఉంది కదా అని ఇలాంటి చోట కూడా రైలెక్కి, "ఇవాళ ఆరుసార్లు ఎక్కాం, పాస్ డబ్బు వచ్చేసింది" అనుకుంటారు. ఆ లెక్క సరైనది కాదు. పాస్ లేకపోయినా తప్పక ఎక్కాల్సి వచ్చే ప్రయాణాలనే లెక్కలోకి తీసుకోవాలి.

అపోహ: పాస్ లేకపోతే ఎక్కిన ప్రతిసారీ చార్జీ పడుతూనే ఉంటుంది.

వాస్తవం: ఒకప్పుడు అంతే. ఇప్పుడు చాలా పెద్ద నగరాల్లో 'క్యాప్' పద్ధతి వచ్చింది. మీ కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డునో ఫోన్‌నో గేటు దగ్గర ఆనిస్తూ పోతే, ఒక మొత్తానికి చేరాక ఇక చార్జీ పడదు. పాస్ కొనకుండానే పాస్ ఉన్నట్టు తిరగొచ్చు. లండన్‌లో 2025 చార్జీల ప్రకారం 1, 2 జోన్లలో రోజంతా ఎంత తిరిగినా 8.90 పౌండ్లు దాటదు. అక్కడ విడిగా అమ్మే డే ట్రావెల్‌కార్డు దీనికంటే చాలా ఖరీదు, అయినా అలవాటు కొద్దీ కొనేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. న్యూయార్క్‌లో మొదటిసారి కార్డు ఆనించిన రోజు నుంచి 7 రోజులు లెక్క. దాదాపు 12 ప్రయాణాల సొమ్ము కట్టాక ఆ వారంలో మిగతావి ఉచితం. సిడ్నీలోనూ రోజు క్యాప్, వారం క్యాప్ ఉన్నాయి, శుక్ర, శని, ఆదివారాల్లో రోజు క్యాప్ ఇంకా తక్కువ.

క్యాప్ గురించి తప్పకుండా తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. అది మనిషిని గుర్తుపట్టదు, కార్డును గుర్తుపడుతుంది. ఒకే బ్యాంకు ఖాతా అయినా ప్లాస్టిక్ కార్డు, ఫోన్‌లో దాచుకున్న కార్డు, చేతి వాచీలోని కార్డు మూడూ ఆ యంత్రానికి మూడు వేర్వేరు కార్డులు. పొద్దున కార్డు, మధ్యాహ్నం ఫోన్ ఆనిస్తే రెండింటికీ సగం సగం లెక్క పడి, ఏదీ క్యాప్‌కు చేరదు. లండన్‌లో ట్యూబ్ (అక్కడి మెట్రో) ఎక్కేటప్పుడు ఒకటి, దిగేటప్పుడు ఇంకొకటి ఆనిస్తే ఇంకా నష్టం: రెండూ పూర్తికాని ప్రయాణాలుగా నమోదై, రెండింటి మీదా గరిష్ఠ చార్జీ పడుతుంది. అందుకే నేను రాసిచ్చే ప్రతి ప్లాన్‌లోనూ మొదటి పేజీలోనే ఎవరు ఏది ఆనించాలో పేర్లతో సహా రాస్తాను. ఒక మనిషికి ఒకే కార్డు, తిరుగు ప్రయాణం దాకా అదే.

అపోహ: క్యాప్ ఉంది కాబట్టి వారం పాస్ గురించి ఇక ఆలోచించక్కర్లేదు.

వాస్తవం: ఆలోచించాలి, ముఖ్యంగా వారం మధ్యలో దిగేవాళ్లు. లండన్‌లో వారం క్యాప్ సోమవారం మొదలై ఆదివారంతో ముగుస్తుంది. మీరు గురువారం దిగి తర్వాతి బుధవారం వరకు ఉన్నారనుకుందాం. మీకు అది ఒకే వారం, వాళ్ల లెక్కలో రెండు వారాలు. 2025 చార్జీల లెక్కన రోజూ క్యాప్ దాకా తిరిగితే గురు నుంచి ఆది వరకు నాలుగు రోజులకు 35.60, సోమ నుంచి బుధ వరకు మూడు రోజులకు 26.70, మొత్తం 62.30 పౌండ్లు. ఏ రోజైనా మొదలుపెట్టుకోగల 7 రోజుల ట్రావెల్‌కార్డు అదే రెండు జోన్లకు 44.70. అదే సోమవారం దిగి ఆదివారం బయల్దేరేవాళ్లకు క్యాపే 44.70 దగ్గర ఆగిపోతుంది, విడిగా ఏదీ కొనక్కర్లేదు. ఊరు అదే, రోజులూ అన్నే. దిగిన రోజు మారేసరికి జవాబు మారిపోయింది. రోజుకు రెండుసార్లే ఎక్కేవాళ్లయితే ఈ లెక్క మొత్తం మళ్లీ తిరగబడుతుంది, వాళ్లకు గురువారం దిగినా ట్రావెల్‌కార్డు దండగే.

అపోహ: పారిస్‌లో వారం పాస్ కొన్నప్పటి నుంచి ఏడు రోజులు.

వాస్తవం: అక్కడి రవాణా కార్డు నావిగో మీద వేసే వారం పాస్ కూడా సోమవారం నుంచి ఆదివారం వరకే. నడుస్తున్న వారానికి గురువారం దాకానే అమ్ముతారు. శుక్రవారం నుంచి కొంటే వచ్చే సోమవారం మొదలయ్యే పాస్ చేతికి వస్తుంది. శుక్రవారం దిగి సోమవారం వెళ్లిపోయేవాళ్లకు అది అక్కరకు రాదు.

అదే సోమవారమో మంగళవారమో దిగితే మాత్రం ఐరోపాలో ఇంత మంచి బేరం అరుదు. 2025 ధరలు చూడండి: మెట్రో టికెట్ 2.50 యూరోలు, విమానాశ్రయం టికెట్ 13, వారం పాస్ 31.60. ఈ పాస్‌లో విమానాశ్రయ ప్రయాణం కూడా కలిసే ఉంటుంది: షార్ల్ ద గాల్ నుంచి ఆర్ఈఆర్ బి రైలు, ఓర్లీ నుంచి 2024 జూన్‌లో పొడిగించిన 14వ మెట్రో లైను. రానూపోనూ విమానాశ్రయం టికెట్లకే 26 యూరోలు. మరో మూడుసార్లు మెట్రో ఎక్కితే పాస్ ధర దాటేస్తుంది. పాస్ వేసుకోవడానికి నావిగో డెకూవెర్త్ కార్డు కావాలి, దానికి మరో 5 యూరోలు, ఒక చిన్న ఫోటో. ఫోటో ఇంటి నుంచే పట్టుకెళ్లండి, అతికించకుండా తిరిగితే తనిఖీలో జరిమానా వేస్తారు. 2 యూరోలకు అమ్మే నావిగో ఈజీ కార్డు మీద వారం పాస్ ఎక్కదు, కౌంటర్ దగ్గర పేర్లు కలగాపులగం కాకుండా రాసిపెట్టుకోండి. ఫోన్‌లో వేసుకుంటే ఈ కార్డు బెడదే లేదు.

అపోహ: ఒక రోజు పాస్ అంటే 24 గంటలు.

వాస్తవం: ఊరిని బట్టి. టోక్యో సబ్‌వే టికెట్ గంటల లెక్కన నడుస్తుంది. మధ్యాహ్నం 3కి మొదలుపెడితే మర్నాడు మధ్యాహ్నం 3 దాకా చెల్లుతుంది. బెర్లిన్‌లోనూ 24 గంటల టికెట్ ఉంది. పారిస్‌లో నావిగో రోజు పాస్, సింగపూర్ టూరిస్ట్ పాస్ మాత్రం తేదీ లెక్కన. సాయంత్రం దిగి రోజు పాస్ తీసుకుంటే నాలుగైదు గంటల్లో అయిపోతుంది. సాయంత్రం విమానం ఉన్నవాళ్లకు మొదటి రోజు విడి టికెట్టే మేలని చెబుతాను.

అపోహ: ఊళ్లో చెల్లే పాస్ విమానాశ్రయానికీ చెల్లుతుంది.

వాస్తవం: ఎక్కువ జరిమానాలు, ఎక్కువ ఆందోళన ఇక్కడే. బెర్లిన్‌లో ఎ, బి, సి అని మూడు జోన్లు. చూడాల్సినవి చాలావరకు ఎ, బిలలోనే ఉంటాయి కాబట్టి అందరూ ఎబి పాస్ కొంటారు. 2020 అక్టోబరు 31న తెరిచిన కొత్త విమానాశ్రయం సి జోన్‌లో ఉంది, పోట్స్‌డామ్ కూడా అక్కడే. అలాగని అన్ని రోజులకూ ఎబిసి కొనక్కర్లేదు. ఎబి పాస్ ఉంచుకుని, విమానాశ్రయానికి వెళ్లే ఒక్క ప్రయాణానికి అదనపు జోన్ టికెట్ తీసుకుంటే సరిపోతుంది.

లండన్ హీత్రో విమానాశ్రయం 6వ జోన్‌లో ఉంది. మామూలు ట్యూబ్‌లో వస్తే ఆ రోజు క్యాప్ 1 నుంచి 6 జోన్లకు పెరుగుతుంది. హీత్రో ఎక్స్‌ప్రెస్ అయితే అసలు క్యాప్‌లోనే కలవదు. హాంకాంగ్ టూరిస్ట్ డే పాస్ ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్‌కు చెల్లదు. సిడ్నీ విమానాశ్రయం స్టేషన్లలో వేసే అదనపు రుసుము రోజు క్యాప్‌కు బయటే. న్యూయార్క్‌లో జేఎఫ్‌కే విమానాశ్రయం ఎయిర్‌ట్రెయిన్ చార్జీ వేరే.

అపోహ: టోక్యోలో ఒక పాస్ కొంటే అన్ని రైళ్లూ ఎక్కొచ్చు.

వాస్తవం: టోక్యోలో రైళ్లు ఒకే సంస్థవి కావు. టోక్యో మెట్రోకు 9 లైన్లు, తోయెయ్ సబ్‌వేకు 4 లైన్లు. టోక్యో సబ్‌వే టికెట్ ఈ పదమూడింటికీ చెల్లుతుంది. కానీ ఊరి మధ్య వలయంగా తిరిగే యమనోతె లైన్ జేఆర్ (జపాన్ రైల్వే) వాళ్లది, దానికి ఇది చెల్లదు. బస షింజుకులోనో ఉయెనోలోనో ఉండి, రోజూ యమనోతె మీదే తిరిగేవాళ్లకు సబ్‌వే టికెట్ జేబులో ఊరికే పడి ఉంటుంది. హోటల్‌కు దగ్గర్లో ఉన్నది ఎవరి స్టేషనో చూసుకున్నాకే ఈ టికెట్ సంగతి తేల్చుకోండి.

మరి సుయికా కార్డు? అది పాస్ కాదు, డబ్బు వేసుకునే పర్సు లాంటిది. జేఆర్, సబ్‌వే, ప్రైవేటు లైన్లు, బస్సులు అన్నింటికీ పనికొస్తుంది గానీ తిరిగిన కొద్దీ డబ్బు కోసుకుంటూనే ఉంటుంది, క్యాప్ లేదు. పర్యాటకుల కోసం ఇచ్చే వెల్‌కమ్ సుయికా కార్డు 28 రోజులు పనిచేస్తుంది. మిగిలిన డబ్బు వెనక్కి ఇవ్వరు, కాబట్టి కొద్దికొద్దిగా వేసుకోండి.

జపాన్ రైల్ పాస్ గురించి కూడా ఒక మాట. 2023 అక్టోబరులో 7 రోజుల పాస్ ధర 29,650 యెన్ల నుంచి 50,000 యెన్లకు పెరిగింది. టోక్యో నుంచి క్యోటోకు బుల్లెట్ రైలు ఒక వైపు సుమారు 14,000 యెన్లు. రానూపోనూ కలిపినా పాస్ ధరకు ఆమడ దూరంలో ఉంటుంది. అంతకుముందు వెళ్లొచ్చినవాళ్లు "కళ్లు మూసుకుని కొనేయండి" అంటారు, అప్పటికి అది సరైన సలహానే. ఇప్పుడు దూరపు ఊళ్లు మూడు నాలుగు చుట్టేవాళ్లు తప్ప మిగతావాళ్లు విడి టికెట్లు కొనుక్కోవడమే మంచిది.

అపోహ: టికెట్ చేతిలో ఉంటే చాలు.

వాస్తవం: గేట్లు లేని ఊళ్లలో టికెట్ కొన్నాక ప్లాట్‌ఫామ్ మీదో బస్సులోనో ఉన్న చిన్న యంత్రంలో ముద్ర వేయించాలి. బెర్లిన్‌లో ముద్ర లేని కాగితం టికెట్‌తో దొరికితే టికెట్ లేనట్టే లెక్క, జరిమానా 60 యూరోలు. తెలియదంటే వినరు. జర్మనీలో దేశమంతటా స్థానిక రైళ్లు, బస్సుల్లో చెల్లే డాయిచ్‌లాండ్ టికెట్ పర్యాటకులూ కొనొచ్చు, చాలామందికి బాగా కలిసొస్తుంది. అయితే అది నెలనెలా దానంతట అదే కొనసాగే చందా. ఆ నెల 10వ తేదీలోపు రద్దు చేసుకోకపోతే తర్వాతి నెల డబ్బు కూడా పోతుంది.

అపోహ: పిల్లలకూ పెద్దల పాసే కొనాలి.

వాస్తవం: లండన్‌లో 11 ఏళ్లలోపు పిల్లలకు పెద్దవాళ్లతో ఉంటే ట్యూబ్ ఉచితం. 11 నుంచి 15 ఏళ్ల పిల్లలకు స్టేషన్ సిబ్బందిని అడిగితే అక్కడి రవాణా కార్డు ఆయిస్టర్‌లో యంగ్ విజిటర్ రాయితీ వేస్తారు, 14 రోజులదాకా సగం చార్జీకి దగ్గర్లో తిరగొచ్చు. ఆ రాయితీ బ్యాంకు కార్డుకు రాదు. కుటుంబంతో వెళ్లేవాళ్లు అందరికీ తలా ఒక బ్యాంకు కార్డు అనుకుని ఇక్కడే ఎక్కువ కడతారు. న్యూయార్క్‌లో వయసు చూడరు, ఎత్తు చూస్తారు: 44 అంగుళాలలోపు పిల్లలకు పెద్దవాళ్లతో ఉంటే ఉచితం. సింగపూర్‌లో ఆ గీత 0.9 మీటర్ల దగ్గర ఉంది.

అపోహ: ఎక్కడికెళ్లినా ఏదో ఒకటి కొనాల్సిందే.

వాస్తవం: లక్సెంబర్గ్‌లో 2020 ఫిబ్రవరి 29 నుంచి దేశమంతటా బస్సులు, ట్రాములు, రెండో తరగతి రైళ్లు అందరికీ ఉచితం, పర్యాటకులకు కూడా. మెల్‌బోర్న్ నడిబొడ్డున ట్రాములకు డబ్బు కట్టక్కర్లేదు. జెనీవాలో హోటల్లో దిగితే రవాణా కార్డు వాళ్లే ఇస్తారు. బుకింగ్ అయ్యాక హోటల్‌కు ఒక మెయిల్ రాసి అడగండి.

అపోహ: పోయినేడాది వెళ్లొచ్చినవాళ్లు చెప్పినట్టు చేస్తే చాలు.

వాస్తవం: న్యూయార్క్‌లో మెట్రోకార్డు అమ్మకం 2025 డిసెంబరు 31తో ఆగిపోయింది. పారిస్‌లో పది కాగితం టికెట్ల కట్ట ఇప్పుడు దొరకదు. పారిస్‌లో కొత్త ధరలు సాధారణంగా జనవరి 1న వస్తాయి, లండన్‌లో ఈమధ్య మార్చిలో మారుతున్నాయి. నేను పైన రాసిన ధరలు కూడా లెక్క ఎలా వేయాలో చూపించడానికే, బయల్దేరే వారంలో ఆ నగర రవాణా సంస్థ వెబ్‌సైటులో మరోసారి సరిచూసుకోండి. బ్యాంకు కార్డు మీద ఆధారపడేవాళ్లు విదేశీ వాడకం, కాంటాక్ట్‌లెస్ రెండూ ఆన్ అయి ఉన్నాయో లేదో ఇంటి దగ్గరే చూసుకుని, ఒక్కో లావాదేవీ మీద బ్యాంకు ఎంత రుసుము వేస్తుందో కనుక్కోండి. ఆ రుసుము ఎక్కువగా ఉంటే, ఆ ఊరి కార్డు కొని ఒకేసారి డబ్బు వేసుకోవడమే చవక.