ఓల్డ్ ట్రాఫర్డ్ అతుకుల బొంత: ఆటగాణ్ని ఎంచేది మేనేజరా, క్లబ్బా?

2026 జనవరి 4న ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బు మాంచెస్టర్ యునైటెడ్‌కు లీడ్స్‌తో మ్యాచ్ 1-1తో డ్రా అయింది. తర్వాత విలేకరుల ముందు కూర్చున్న యునైటెడ్ హెడ్ కోచ్ రూబెన్ అమోరిమ్ ఒక మాటన్నారు. తాను ఇక్కడికి వచ్చింది మేనేజర్‌గా ఉండటానికట, కోచ్‌గా ఉండటానికి కాదట. మర్నాడే ఆయన్ని తీసేశారు. పద్నాలుగు నెలల కొలువు అలా ముగిసింది.

ఫుట్‌బాల్ అంతగా చూడనివాళ్లకు ఇది వింతగా తోస్తుంది. మేనేజర్ అంటే ఏమిటి, కోచ్ అంటే ఏమిటి, పేరు కోసం ఇంత గొడవా? గొడవ పేరు గురించి కాదు, పెత్తనం గురించి. ఎవరిని కొనాలి, ఎవరిని అమ్మాలి అన్నది తేల్చేది ఎవరు? యునైటెడ్‌కు కొత్త మనిషి వచ్చిన ప్రతిసారీ అభిమానులు రెండు వర్గాలుగా చీలిపోతారు. ‘అడిగిన ఆటగాళ్లను ఇవ్వకుండా గెలవమంటే ఎలా’ అని ఒక వర్గం. ‘రెండేళ్లలో పోయే మనిషి కోసం అయిదేళ్ల ఒప్పందాలు రాసుకుంటారా’ అని రెండోది. పన్నెండేళ్లుగా ఇదే తగువు. నా లెక్కలో రెండు వర్గాలదీ న్యాయమే. అందుకే అది తెగదు.

తగువు మూలాలు మాత్రం చాలా పాతవి. ఇంగ్లండ్‌లో తొలినాళ్లలో జట్టును ఎంచేది డైరెక్టర్లే. మేనేజర్ అనేవాడు గుమాస్తాకు కాస్త పైన. 1925లో ఆర్సెనల్ ఛైర్మన్ సర్ హెన్రీ నోరిస్ మేనేజర్ కోసం పత్రికలో ప్రకటన ఇచ్చారు. ఆటగాళ్ల కోసం భారీ ధరలు పోయడమే జట్టు కట్టడం అనుకునేవాళ్లు దరఖాస్తు చేయనక్కర్లేదని దాని సారాంశం. వచ్చినాయన హెర్బర్ట్ చాప్‌మన్. వచ్చీరాగానే సండర్లాండ్ నుంచి చార్లీ బకన్‌ను తెచ్చారు, 2,000 పౌండ్లు రొక్కం, ఆపైన మొదటి ఏడాది కొట్టే ప్రతి గోలుకూ 100 పౌండ్లు. మూడేళ్లకు డేవిడ్ జాక్ కోసం 10,000 పౌండ్లు దాటించారు. అప్పటికి ఏ ఆటగాడికీ అంత ధర పలకలేదు. ప్రకటన రాసినాయన మాట ఎక్కడ నిలిచిందో చూడండి.

మాంచెస్టర్‌లో ఆ మార్పు తెచ్చింది మాట్ బస్బీ. 1945లో పని ఒప్పుకునేటప్పుడే ఆయన షరతులు పెట్టారు. జట్టు ఎంపిక, సిబ్బంది, కొనుగోళ్లు, అమ్మకాలు, అన్నింట్లో తన మాటే చెల్లాలన్నారు. మూడేళ్ల ఒప్పందం ఇస్తామంటే అయిదేళ్లు కావాలన్నారు. అక్కడ మొదలైన ఆచారం 1986 నవంబర్‌లో వచ్చిన అలెక్స్ ఫెర్గూసన్ చేతుల్లో ఇరవై ఆరేళ్లు నడిచింది. 13 లీగ్ టైటిళ్లు, రెండు ఛాంపియన్స్ లీగ్‌లు. ఇంతటి ఏకఛత్రాధిపత్యంలో ఒక సుఖం ఉంది, ఎవరు పెద్ద అన్న ప్రశ్నే లేవదు. ఒక ప్రమాదమూ ఉంది. ఆ మనిషి లేచి వెళ్లిపోతే కుర్చీ ఒక్కటే కాదు, వ్యవస్థ మొత్తం ఖాళీ అవుతుంది.

మధ్యలో అప్పు వచ్చింది. 2005లో అమెరికాకు చెందిన గ్లేజర్ కుటుంబం సుమారు 79 కోట్ల పౌండ్ల విలువకు క్లబ్బును కొంది. కొనడానికి చేసిన అప్పులో పెద్ద భాగాన్ని క్లబ్బు నెత్తినే పెట్టింది. ఇల్లు కొనడానికి తెచ్చిన బాకీని ఆ ఇంటి అద్దెతోనే తీర్చుకోవడం లాంటిదిది. కోపంతో కొందరు అభిమానులు వేరుపడి అదే ఏడాది ఎఫ్‌సీ యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ అని సొంత క్లబ్బు పెట్టుకున్నారు. 2009లో క్రిస్టియానో రొనాల్డోను రియల్ మాడ్రిడ్‌కు 8 కోట్ల పౌండ్లకు అమ్మితే, ఆ డబ్బు ఆటగాళ్ల రూపంలో తిరిగి రాలేదు. విగన్ నుంచి ఆంటోనియో వలెన్సియా వచ్చాడు, పైసా ఖర్చు లేకుండా మైకేల్ ఓవెన్ వచ్చాడు. మార్కెట్లో ధరకు తగ్గ సరుకు లేదని ఫెర్గూసన్ అంటూ వచ్చారు. అభిమానులు ఆయన్ని అనలేదు. 2010లో క్లబ్బు పూర్వనామం న్యూటన్ హీత్ నాటి పచ్చ, బంగారు రంగు మఫ్లర్లు మెడలో వేసుకుని యజమానులను అన్నారు. ఫెర్గూసన్ గెలుస్తూనే ఉన్నారు కాబట్టి లోపలి బీటలు బయటికి కనబడలేదు.

2013 మేలో ఆయన విరమించారు. అదే వేసవిలో, ఏళ్ల తరబడి బేరాలు చూసిన డేవిడ్ గిల్ కూడా తప్పుకున్నారు. వంటవాడూ సరుకులు తెచ్చేవాడూ ఒకే రోజు మానేస్తే ఎలా ఉంటుందో అలా అయింది. మేనేజర్‌గా ఎవర్టన్ నుంచి డేవిడ్ మోయెస్, ఆరేళ్ల ఒప్పందంతో. బేరాల కుర్చీలో ఎడ్ వుడ్‌వర్డ్, బ్యాంకింగ్ నుంచి వచ్చిన మనిషి. డిఫెండర్లు ఫెర్డినాండ్, విడిచ్, ఎవ్రా వయసు మీరి ఉన్నారు, మరుసటి ఏడాది ముగ్గురూ వెళ్లిపోయారు కూడా.

ఆ వేసవి గురించి కొంచెం ఆగి చెప్పాలి, తర్వాతి రోగాలన్నీ అప్పుడే కనబడ్డాయి. మిడ్‌ఫీల్డర్ థియాగో కోసం చూస్తుండగా అతను జర్మనీ క్లబ్బు బయర్న్‌కు వెళ్లాడు. ఫాబ్రెగాస్ కోసం బార్సిలోనాను అడిగితే కుదరదన్నారు. ఎవర్టన్‌లో మోయెస్ దగ్గర ఆడిన ఫెల్లైనికి 2.35 కోట్ల పౌండ్లు కడితే చాలు, వదిలేయాలన్న షరతు ఉండేది. దాని గడువు జులై 31. యునైటెడ్ అప్పుడు కట్టలేదు. సెప్టెంబర్ 2న, ఇక విండో (ఆటగాళ్లను కొనడానికి ఇచ్చే గడువు) మూసేస్తారనగా, అదే ఆటగాడికి 2.75 కోట్లు పోసింది. అదే రాత్రి ఎరేరా అనే మరో ఆటగాడి బేరం బెడిసింది. మనకు అప్పటికి తెల్లవారుజాము మూడున్నర. ఆ రాత్రి మేలుకుని చూసినవాళ్లలో నేనూ ఒకణ్ని. ఫెల్లైని ఫొటో చూసి నవ్వాలో ఏడవాలో తెలియక టీ పెట్టుకున్నాను. 2014 మార్చిలో యునైటెడ్ సొంత మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్ మీదుగా మోయెస్‌ను పొమ్మనే బ్యానర్ కట్టుకుని ఓ చిన్న విమానం ఎగిరింది. ఏప్రిల్ 22న ఆయన్ని పంపేశారు. ఆరేళ్ల ఒప్పందం పది నెలలు నడిచింది.

ఇక అక్కడి నుంచి ఒక్కో మేనేజర్ ఒక్కో రంగు గుడ్డముక్క తెచ్చి అతికించడమే. లూయీ వాన్ గాల్ వచ్చారు, బ్రిటిష్ రికార్డు ధర 5.97 కోట్ల పౌండ్లకు డి మారియా వచ్చాడు, ఏడాది తిరక్కుండానే నష్టానికి పారిస్ వెళ్లాడు. 2016 మేలో ఎఫ్‌ఏ కప్పు గెలిచిన రెండో రోజున వాన్ గాల్‌ను తీసేశారు. వాన్ గాల్ నింపాదిగా పాసులాడించే మనిషి అయితే, తర్వాత వచ్చిన మేనేజర్ మొరీన్యో రక్షణ కట్టుకుని ఎదురుదాడి చేయించే మనిషి. అదే జట్టు రెండు రకాల ఆటా ఎలా ఆడుతుంది? మళ్లీ కొనాలి. పాల్ పోగ్బాను 2012లో దాదాపు ఉచితంగా వదులుకున్న క్లబ్బే, 2016లో 8.9 కోట్ల పౌండ్ల ప్రపంచ రికార్డు ధరకు వెనక్కి తెచ్చుకుంది. 2022లో ఒప్పందం ముగిసి అతను మళ్లీ ఉచితంగానే వెళ్లాడు. ఒకే ఆటగాణ్ని రెండుసార్లు ఊరికే వదులుకున్న క్లబ్బు ఇంకొకటి ఉందేమో నాకైతే తట్టడం లేదు.

మొరీన్యో కాలంలోనే తగువు మొదటిసారి బాహాటమైంది. 2018 వేసవిలో ఆయనకు సెంటర్ బ్యాక్, అంటే గోల్ ముందు మధ్యలో కాపుకాసే డిఫెండర్ కావాలి. వద్దని కూర్చుంది క్లబ్బు. డిసెంబర్ 18న ఆయన్ని తీసేసింది. ఎనిమిది నెలలు తిరక్కుండా, తర్వాతి మేనేజర్ సోల్షేర్ హయాంలో, డిఫెండర్‌కు ప్రపంచ రికార్డుగా 8 కోట్ల పౌండ్లు పోసి హ్యారీ మగ్వైర్‌ను తెచ్చింది. అంటే మొరీన్యో అడిగింది తప్పు కాదు, అడిగింది మొరీన్యో కావడమే తప్పన్నమాట! ఆయన అభిమానులు ఇప్పటికీ దెప్పిపొడిచేది దీన్నే.

క్లబ్బుకు ఆటగాళ్ల కొనుగోళ్లు చూసే ఫుట్‌బాల్ డైరెక్టర్ అంటూ ఒకరు వచ్చింది 2021 మార్చిలో, జాన్ మర్టో. ఐరోపాలో ఆ పదవి ఎప్పటి నుంచో మామూలే. వచ్చి ఏం మారింది? 2022 వేసవిలో కొత్త మేనేజర్ ఎరిక్ టెన్ హాగ్ బార్సిలోనా నుంచి డి యాంగ్ కావాలన్నారు. వేసవంతా వెంటపడ్డా అతను కదల్లేదు. సీజన్ మొదట్లోనే బ్రైటన్ చేతిలో 1-2, బ్రెంట్‌ఫర్డ్ చేతిలో 0-4. కంగారుపడి ముప్పై ఏళ్ల కాసెమిరోను తెచ్చారు. టెన్ హాగ్ పాత క్లబ్బు అయాక్స్ నుంచి ఆంటొనీని 8 కోట్ల పౌండ్ల పైచిలుకుకు కొన్నారు. కొనేవాడి తొందర అమ్మేవాడికి తెలిశాక ధర దిగుతుందా? ఆ ఆంటొనీని 2025లో రియల్ బెటిస్‌కు అమ్మితే పెట్టినదాంట్లో మూడో వంతు కూడా రాలేదు. 7.3 కోట్లకు కొన్న సాంచోది ఇంకా చోద్యం. అతన్ని అద్దెకు తీసుకున్న చెల్సీ, ఒప్పందం ప్రకారం కొనాల్సి ఉండగా, 50 లక్షల పౌండ్లు పరిహారం కట్టి మరీ వెనక్కి పంపింది.

తగువులో డబ్బు లెక్క ఒకటి తరచు మరుగున పడుతుంది. 2025-26 సీజన్ దాకా నడిచిన ప్రీమియర్ లీగ్ (ఇంగ్లండ్ అగ్రశ్రేణి లీగ్) నిబంధన ప్రకారం క్లబ్బు మూడేళ్లలో 10.5 కోట్ల పౌండ్లకు మించి నష్టపోకూడదు. 5 కోట్లకు అయిదేళ్ల ఒప్పందంతో కొన్న ఆటగాడు ఖాతాలో ఏడాదికి కోటి ఖర్చు. రెండేళ్లకు మేనేజర్ మారి అతను పనికిరాకపోయినా, మిగతా 3 కోట్లు పుస్తకాల్లో కూర్చునే ఉంటాయి. కానీ సొంత అకాడమీలో పెరిగినవాణ్ని అమ్మితే వచ్చిందంతా లాభమే, కొన్న ధర లేదు కదా. అందుకే బయట కొన్నవాళ్లు దిగబడిపోతుంటే ఇంటి పిల్లలు అమ్ముడవుతారు. చిన్నతనం నుంచి క్లబ్బులోనే పెరిగిన మెక్‌టామినే 2024లో నాపోలీకి దాదాపు 2.5 కోట్ల పౌండ్లకు వెళ్లాడు. తొలి సీజన్‌లోనే ఇటలీ లీగ్ గెలిచి, ఆ లీగ్ ఉత్తమ ఆటగాడయ్యాడు. యునైటెడ్ అభిమానుల దగ్గర ఈ పేరెత్తకపోవడమే మంచిది.

2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ కుబేరుడు సర్ జిమ్ రాట్‌క్లిఫ్ 27.7 శాతం వాటా కొని ఫుట్‌బాల్ వ్యవహారాలు చేతిలోకి తీసుకున్నారు. ఇక మేనేజర్లు వస్తారు పోతారు, కొనుగోళ్లు క్లబ్బు చూసుకుంటుంది అన్నారు. కాగితం మీద బాగుంది. కానీ జులైలో టెన్ హాగ్ ఒప్పందాన్ని పొడిగించి, డి లిఖ్ట్, మజ్రౌయీ లాంటి ఆయన పాత శిష్యులను కొని, అక్టోబర్ 28న ఆయన్ని తీసేశారు. ఏరికోరి తెచ్చుకున్న స్పోర్టింగ్ డైరెక్టర్ డాన్ యాష్‌వర్త్ అయిదు నెలలకే వెళ్లిపోయారు. ఈ రెండు నిష్క్రమణలకూ కలిపి 1.45 కోట్ల పౌండ్లు ఖర్చయిందని క్లబ్బు లెక్కలే చెప్పాయి. అదే ఏడాది పొదుపు పేరుతో 250 ఉద్యోగాలు తీసేసింది. అభిమానుల కోపం ఆట ఓడినందుకే అనుకునేవాళ్లు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడాలి.

2024 నవంబర్‌లో అమోరిమ్ వచ్చారు, క్లబ్బు చరిత్రలో హెడ్ కోచ్ అన్న హోదాతో తొలి మనిషి. ఆయనది ముగ్గురు డిఫెండర్ల పద్ధతి, దానికి వింగ్‌బ్యాక్‌లు, అంటే మైదానం అంచుల వెంట ముందుకూ వెనక్కూ పరుగెత్తేవాళ్లు కావాలి. ఉన్న జట్టు నలుగురు డిఫెండర్ల కోసం కొన్నది. ఆయన పద్ధతి మార్చనన్నారు. 2024-25లో 42 పాయింట్లు, 15వ స్థానం. ఆ వేసవిలో గోల్స్ కొట్టే కున్యా, ఎంబ్యూమో, షెష్కోల కోసం దాదాపు 20 కోట్ల పౌండ్లు పెట్టారు, మిడ్‌ఫీల్డర్ మాత్రం రాలేదు. గోల్‌కీపర్‌గా అమోరిమ్ అనుభవజ్ఞుడైన ఎమిలియానో మార్టినెజ్‌ను కోరుకున్నారని, క్లబ్బు మాత్రం యువకుడైన సెనె లామెన్స్‌ను ఎంచిందని వార్తలొచ్చాయి. 1.8 కోట్లకు వచ్చిన లామెన్స్ నిలకడగా ఆడాడు. ‘చూశారా, క్లబ్బుకు వదిలేస్తేనే మంచిది’ అనడానికి రెండో వర్గానికి అదొక ఆయుధం.

ఆ వర్గం ఎప్పుడూ చూపించే మరో ఇల్లు లివర్‌పూల్. 2024లో ఆర్నె స్లాట్ కూడా అక్కడికి హెడ్ కోచ్‌గానే వచ్చారు. తొలి వేసవిలో జట్టులో కొత్తగా దిగింది కియేసా ఒక్కడే, అయినా లీగ్ గెలిచారు. మరి ఆ తర్వాతి వేసవిలో అదే యంత్రాంగం 40 కోట్ల పౌండ్ల పైన ఖర్చుపెట్టి, ఇసాక్ ఒక్కడికే 12.5 కోట్లు పోసి, ఆ శరత్కాలంలో వరుస ఓటములు చూసింది. అందుకని వ్యవస్థ ఉంటే చాలు అనేవాళ్లతో నేను పూర్తిగా ఏకీభవించలేను. కానీ ఎవరో ఒకరిది తుది మాట అని ముందే తేలి ఉండటం వేరు, ఓడినప్పుడు తేల్చుకోవడం వేరు. ఐపీఎల్ వేలంలో యజమాని, కోచ్ ఒకే బల్ల దగ్గర కూర్చుని తెడ్డు ఎత్తుతారు. యునైటెడ్‌లో ఆ బల్ల ఎక్కడుందో పదేళ్లకు పైగా ఎవరికీ తెలియలేదు.

అమోరిమ్ వెళ్లాక సీజన్ ముగిసేదాకా పగ్గాలు మైకేల్ కారిక్‌కు ఇచ్చారు, ఫెర్గూసన్ కొన్న ఆటగాడే. జనవరి 17న ఆయన తొలి మ్యాచ్‌లో యునైటెడ్ 2-0తో మాంచెస్టర్ సిటీని ఓడించింది, మళ్లీ నలుగురు డిఫెండర్లతో. ఆనాటి జట్టు చదివితే ఈ చరిత్రంతా వరసగా కనబడుతుంది. షా వాన్ గాల్ నాటివాడు. డలో మొరీన్యో తెచ్చినవాడు. మగ్వైర్, బ్రూనో ఫెర్నాండెజ్, అమద్‌లది సోల్షేర్ కాలం. లిసాండ్రో మార్టినెజ్, కాసెమిరోలది టెన్ హాగ్ కాలం. గోల్స్ కొట్టిన ఎంబ్యూమో, డోర్గూ, గోల్ కాసిన లామెన్స్ అమోరిమ్ ఉండగా వచ్చినవాళ్లు. పదకొండో వాడు కోబీ మైనూ, అమోరిమ్ బెంచీకే పరిమితం చేసిన అకాడమీ కుర్రాడు, క్లబ్బు ఎవరి దగ్గరా కొననివాడు.