మంచు తగ్గితే చలి పెరిగే అడవి

అలాస్కా నడిభాగంలోని ఫెయిర్‌బ్యాంక్స్ ప్రాంతంలో జనవరి రాత్రి మైనస్ 40 డిగ్రీల చలి అక్కడివాళ్లకు కొత్త కాదు. అదే రాత్రి, అదే అడవిలో, రెండడుగుల మంచు కింద నేల దగ్గర థర్మామీటర్ పెడితే సున్నాకు కొద్ది డిగ్రీలే తక్కువ చూపిస్తుంది. పైన ఒక వాతావరణం, కింద ఇంకో వాతావరణం. మధ్యలో ఉన్నది మంచు ఒక్కటే. ఈ సంగతి పట్టుకుంటే గానీ ఉత్తరాది అడవుల్లో జంతువులు చలికాలం ఎలా దాటుతాయో అర్థం కాదు. చలితో పోరాడి గెలిచే వీరులుగా వాటిని చూపించడం మనకు అలవాటు. నిజానికి వాటిలో చాలా జీవులు మంచు చాటున బతుకుతాయి. ఆ మంచు సమయానికి రాకపోతే చస్తాయి.

ఈ అడవిని బోరియల్ అడవి అంటారు, టైగా అన్నా ఇదే. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్‌ల నుంచి సైబీరియా అంతా పరుచుకుని, సముద్రం అవతల అలాస్కాలో మళ్లీ మొదలై, కెనడా మీదుగా అట్లాంటిక్ తీరం దాకా సాగుతుంది. ప్రపంచంలోని అడవుల్లో నాలుగో వంతుకు పైగా ఇదే. స్ప్రూస్, ఫర్, పైన్ చెట్లు ఏడాది పొడవునా సూదుల్లాంటి ఆకులతో నిలబడి ఉంటాయి. చలి మరీ ఎక్కువగా ఉండే తూర్పు సైబీరియాలో లార్చ్ చెట్లు ఆ సూదుల్ని కూడా రాల్చేస్తాయి. అక్కడి వెర్ఖోయాన్స్క్ పట్టణంలో 1892 ఫిబ్రవరిలో మైనస్ 67.8 డిగ్రీలు నమోదైంది.

ఇంత చలికి పక్షుల్లో ఎక్కువ భాగం దక్షిణానికి వలసపోతాయి. చలికాలంలో మన వరి పొలాల్లో, చెరువు గట్ల వెంట తోక ఆడిస్తూ తిరిగే ఉల్లంకి పిట్టల్లో వుడ్ శాండ్‌పైపర్ అనే రకం ఉంది. అది గుడ్లు పెట్టేది స్కాండినేవియా నుంచి సైబీరియా తూర్పు కొస దాకా ఉన్న ఆ అడవుల చిత్తడి నేలల్లోనే. మన పొలంలో పురుగులు ఏరుకుతినే పిట్ట టైగాలో పుట్టి ఉండవచ్చన్న ఊహే నాకు ఎంతో ఇష్టం. సరే, వెళ్లిపోయేవాటి సంగతి అది. అసలు కథ అక్కడే ఉండిపోయేవాటిది.

అప్పుడే పడిన మంచులో తొంభై శాతానికి పైగా ఉండేది గాలి. కొత్తగా ఏకిన దూదితో కుట్టిన బొంత వెచ్చగా ఉండటానికి, మంచు వెచ్చగా ఉండటానికి కారణం ఒకటే: కదలకుండా చిక్కుకున్న గాలి వేడిని బయటికి పోనివ్వదు. పొడిమంచు జానెడు మందం దాటితే చాలు, పైన గాలి ఎంత చల్లబడినా కింద నేల ఉష్ణోగ్రత పెద్దగా ఊగిసలాడదు. వేసవిలో నేల దాచుకున్న వేడి మెల్లగా పైకి వస్తూ అడుగు పొరలోని మంచును ఆవిరి చేస్తుంది. ఆ ఆవిరి పైకి పోయి మళ్లీ పేరుకుంటుంది. అలా నేలకు ఆనుకుని గరుకైన, వదులైన మంచు పలుకుల పొర తయారవుతుంది. వోల్ అనే పొట్టితోక ఎలుకలు ఆ పొరలో సులువుగా సొరంగాలు తవ్వుకుని, నాచు, వేర్లు, గింజలు తింటూ చలికాలమంతా మెలకువగానే తిరుగుతాయి.

వాటితో పాటు అక్కడ ష్రూ అనే చుంచు కూడా ఉంటుంది. దాని బరువు చలికాలంలో పది గ్రాముల లోపే. అంత చిన్న ఒంట్లో కొవ్వు దాచుకునే చోటు లేదు. కొన్ని గంటలు తిండి దొరక్కపోతే ప్రాణం పోతుంది. అందుకని అది తన అవసరాన్నే తగ్గించుకుంటుంది. చలికాలం వచ్చేసరికి దాని పుర్రె, మెదడు, కాలేయం చిన్నవవుతాయి. వసంతంలో పుర్రె మళ్లీ పెరుగుతుంది. పోలండ్ జంతుశాస్త్రవేత్త ఆగస్ట్ డేనెల్ 1949లో ఈ మార్పును మొదట వివరించాడు. ఎముక కరిగి కుంచించుకుపోవడం, మళ్లీ పెరగడం! టైగా జీవుల గురించి చదివినవాటిలో నన్ను ఇంతగా ఆశ్చర్యపరిచింది మరొకటి లేదు.

మంచు కింద ఉన్నంత మాత్రాన పూర్తి భద్రత ఏమీ లేదు. గ్రేట్ గ్రే అవుల్ అనే పెద్ద గుడ్లగూబ అడుగున్నర లోతు మంచు కింద కదిలే ఎలుకను చూడకుండానే పట్టగలదు. వెడల్పాటి గుండ్రని ముఖం శబ్దాన్ని చెవుల వైపు మళ్లిస్తుంది. అయితే మంచులోంచి వచ్చే శబ్దం వంగుతుంది కాబట్టి, పక్క నుంచి వింటే ఎలుక లేని చోట ఉన్నట్టు అనిపిస్తుంది. అందుకే అది సూటిగా ఎలుక పైకి వచ్చి, గాలిలో ఒక్క క్షణం నిలిచి, అప్పుడు నిలువునా దూకుతుంది.

ఇక వుడ్ ఫ్రాగ్. ఉత్తర అమెరికా టైగాలో ఉండే ఈ చిన్న కప్ప లోతుగా తవ్వుకోదు. రాలిన ఆకుల కింద, పైపైనే పడుకుంటుంది. చర్మానికి మంచు తగలగానే దాని కాలేయం నిల్వ ఉన్న పిండిపదార్థాన్ని గ్లూకోజ్‌గా మార్చి రక్తంలోకి కుమ్మరిస్తుంది. ఆ గ్లూకోజ్ కణాల్లోకి చేరి లోపలి నీరు గడ్డకట్టకుండా కాపాడుతుంది. కణాల బయటి నీరు మాత్రం గడ్డ కడుతుంది. ఒంట్లోని నీటిలో దాదాపు మూడింట రెండు వంతులు ఐసుగా మారిపోతాయి. ఊపిరి ఆగిపోతుంది, గుండె ఆగిపోతుంది. ముట్టుకుంటే రాయి. అలాస్కాలో పరిశోధకులు సహజ వాతావరణంలో గమనించిన కప్పలు ఏడు నెలల దాకా ఇలా ఉండి, మైనస్ 18 డిగ్రీల చలిని కూడా తట్టుకుని, వసంతంలో లేచి వెళ్లాయి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. కప్ప ఓర్చుకున్నది మైనస్ 18. పైన గాలి మైనస్ 40. మధ్యలో తేడా అంతా మంచు చలవే. కప్ప శరీరం చేసే అద్భుతాన్ని అందరూ చెప్పుకుంటారు గానీ, ఆ పైన పరుచుకున్న మంచు లేకపోతే ఆ అద్భుతం చాలదని ఎవరూ చెప్పరు. ఆలస్యంగా మంచు పడి, ఈలోగా చలి ముదిరితే, ఆకుల కింది ఉష్ణోగ్రత కప్ప ఓపికను దాటిపోవచ్చు. భూమి వేడెక్కుతున్న కాలంలో నేల మీది జీవి చలికి చచ్చిపోయే ప్రమాదం ఇలా వస్తుంది.

బోరియల్ ప్రాంతం ప్రపంచ సగటు కన్నా వేగంగా వేడెక్కుతోంది. మైనస్ 67.8 చూసిన వెర్ఖోయాన్స్క్‌లోనే 2020 జూన్ 20న 38 డిగ్రీలు నమోదైంది. వేసవి ఎండలు, కార్చిచ్చులు వార్తల్లోకి వస్తాయి. చలికాలం మారిపోవడం అంతగా రాదు. నా దృష్టిలో అడవి జీవులకు అది అంతకు తక్కువ దెబ్బ కాదు. మధ్యమధ్య వాన పడి మంచు మీద గడ్డ పొర కట్టిందనుకోండి. రాత్రిపూట పొడిమంచులోకి దూకి లోపల తలదాచుకునే గ్రౌస్ పక్షులకు దారి మూసుకుపోతుంది.

స్నోషూ కుందేలు సంగతి ఇంకో రకం. వేసవిలో గోధుమ రంగు, చలికాలంలో తెలుపు. రంగు మార్చుకోవడానికి అది చూసేది పగటి పొద్దు నిడివిని, మంచును కాదు. పొద్దు ఎప్పటిలాగే తగ్గుతుంది, మంచు మాత్రం ఆలస్యమవుతుంది. గోధుమ రంగు నేల మీద తెల్ల కుందేలు లింక్స్ పిల్లికి దూరం నుంచే కనబడుతుంది. అమెరికాలోని మొంటానా రాష్ట్రంలో చేసిన అధ్యయనంలో ఇలా రంగు కలవని కుందేళ్లు బతికే అవకాశం వారానికి 7 శాతం దాకా తగ్గినట్టు తేలింది.

కెనడాలోని ఆల్గాంక్విన్ పార్కులో కెనడా జే అనే పక్షి చలికాలం కోసం మాంసం ముక్కలు, పురుగులు, పళ్లు జిగురు ఉమ్మితో చెట్ల బెరడు కింద అంటించి దాచుకుంటుంది. ఫిబ్రవరి చివర్లో, ఇంకా మంచు ఉండగానే గూడు కడుతుంది. పిల్లలకు పెట్టేది ఆ దాచిన తిండే. శరత్కాలం వెచ్చబడి, తిండి గడ్డ కడుతూ కరుగుతూ ఉంటే కుళ్లిపోతుంది. ఆ పార్కులో ఈ పక్షులు కొన్ని దశాబ్దాల్లో సగానికి పైగా తగ్గిపోయాయి.

ఈ అడవి దక్షిణపు అంచున, అమెరికాలోని మెయిన్, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రాల్లో, మూస్ అనే భారీ దుప్పిని పిడుదులు చంపుతున్నాయి. శరత్కాలంలో గడ్డి కొసల మీద కాచుకుని ఉన్న పిడుదులు దుప్పి మీదికి ఎక్కి, చలికాలమంతా రక్తం తాగి, ఏప్రిల్‌లో రాలిపోతాయి. శరత్కాలంలో మంచు తొందరగా పడితే ఎక్కకముందే చస్తాయి. వసంతంలో మంచు మీద రాలినా గుడ్లు పెట్టకుండానే చస్తాయి. ఇప్పుడు ఆ రెండు కాలాల్లోనూ మంచు లేని రోజులు పెరిగాయి. ఒక్కో దుప్పి మీద పదుల వేల పిడుదులు పేరుకుంటున్నాయి. పెద్దవి ఎలాగో తట్టుకుంటున్నా, ఏడాది నిండని పిల్లలు ఒంట్లో రక్తం చాలక, కొన్ని సంవత్సరాల్లో సగానికి పైగా వసంతం చూడకుండానే చనిపోతున్నాయి.