సమోవా గొడవకు ముందు బ్రస్సెల్స్‌లో ఒక సోమవారం

నైజీరియా ప్రతినిధుల సభ 2024 జులై 9న ఒక తీర్మానం చేసింది. తమ ప్రభుత్వం అంతకు పదకొండు రోజుల ముందు, జూన్ 28న, బ్రస్సెల్స్‌లో సంతకం పెట్టి వచ్చిన సమోవా ఒప్పందం (యూరోపియన్ యూనియన్‌కూ, అంటే ఈయూకూ, ఆఫ్రికా, కరీబియన్, పసిఫిక్ దేశాలకూ మధ్య కుదిరినది) అమలును ఆపాలని, అందులో ఏముందో విచారణ జరపాలని కోరింది. సంతకం సంగతి పేపరుకెక్కాకే దేశంలో రచ్చ మొదలైంది. స్వలింగ సంబంధాలను చట్టబద్ధం చేస్తామని ప్రభుత్వం మాటిచ్చి వచ్చిందని ఒక వర్గం, అదంతా అబద్ధమని మంత్రులు. నైజీరియాలో 2014 నుంచి స్వలింగ వివాహానికి 14 ఏళ్ళ జైలు శిక్ష ఉంది. అలాంటి చోట ఈ వార్త ఎంత మంట పెడుతుందో చెప్పక్కర్లేదు.

ఒప్పందంలో ఆ మాట నేరుగా ఎక్కడా లేదు. లైంగిక, పునరుత్పత్తి ఆరోగ్యం గురించిన నిబంధనలు ఉన్నాయి. 1994 నాటి కైరో జనాభా సదస్సు, 1995 నాటి బీజింగ్ మహిళా సదస్సు, వాటి సమీక్షల్లో వచ్చిన నిర్ణయాల ప్రస్తావన ఉంది. ఆ సమీక్షల పేరుతో రేపు ఏదైనా లోపలికి రావచ్చని వ్యతిరేకులు అన్నారు. తాము జూన్ 26 తేదీతో ఒక వివరణ పత్రం జత చేశామని, నైజీరియా చట్టాలకు విరుద్ధమైనదేదీ చెల్లదని అందులో ఉందని ప్రభుత్వం చెప్పింది.

ఈ వాదనలో ఎవరు గెలిచినా అసలు చిక్కు తీరదు. అరవై ఏళ్ళుగా ఆఫ్రికా, కరీబియన్, పసిఫిక్ దేశాల ఎంపీలూ యూరప్ ఎంపీలూ కలిసి కూర్చునే సభ ఒకటి ఏదో ఒక పేరుతో ఉంటూనే ఉంది. అలాంటి సభ ఉన్నప్పుడు ఒప్పందంలో ఏముందో ఒక దేశపు ఎంపీలు పేపర్లో చదివి తెలుసుకోవాల్సిన పరిస్థితి ఎందుకొచ్చింది? దానికి జవాబు కావాలంటే నైజీరియా రాజధాని అబూజాను కాసేపు పక్కన పెట్టి 2002 నవంబరుకు వెళ్ళాలి.

సమోవాకు ముందు ఈ రెండు పక్షాల మధ్య నడిచిన యావుందే, లోమే ఒప్పందాల కథ ఇక్కడ మళ్ళీ చెప్పబోవడం లేదు. వాటిలో ఒక్క ముక్క మాత్రం ఈ గొడవకు అవసరం. లోమే కాలంలో ఏసీపీ దేశాల తరఫున (ఆఫ్రికా, కరీబియన్, పసిఫిక్ కూటమిని అలాగే పిలిచేవారు) ఈ ఉమ్మడి సభలో కూర్చున్నది చాలాసార్లు ఎంపీలు కాదు, బ్రస్సెల్స్‌లో ఉండే రాయబారులు. అటు ప్రజలు ఎన్నుకున్న సభ్యుడు, ఇటు ప్రభుత్వం పంపిన ఉద్యోగి. దీని మీద యూరప్ ఎంపీలకు ఎప్పటి నుంచో గుర్రుగానే ఉండేది. వాళ్ళ అభ్యంతరంలో న్యాయమూ ఉంది.

లోమే స్థానంలో, 2000 జూన్ 23న బెనిన్‌లోని కొటోనూలో సంతకమైన ఒప్పందం ఈ లెక్క మార్చింది. 17వ అధికరణం ప్రకారం ఇది ఉమ్మడి పార్లమెంటరీ సభ. రెండు వైపులా సమాన సంఖ్యలో సభ్యులు. ఏసీపీ వైపు నుంచి వచ్చేవాళ్ళను ఆ దేశపు పార్లమెంటే ఎంపిక చేయాలి. సభకు ఇద్దరు అధ్యక్షులు, అటొకరు ఇటొకరు. ఏడాదికి రెండు సమావేశాలు, ఒకసారి యూరప్‌లో, ఒకసారి ఏసీపీ దేశంలో. కాగితం మీద ఇంతకంటే సమానంగా రాయడం కష్టం.

ఆ రాతకు రెండున్నరేళ్ళలోనే పరీక్ష ఎదురైంది.

2002 నవంబరు 25, సోమవారం. బ్రస్సెల్స్‌లో నాలుగు రోజుల సమావేశం మొదలవ్వాలి. డజన్ల కొద్దీ దేశాల నుంచి ఎంపీలు దిగేశారు. జింబాబ్వే పంపిన బృందంలో ఇద్దరున్నారు, క్రిస్ కురునెరి, పాల్ మంగ్వానా. ఇద్దరూ అప్పటి జింబాబ్వే అధ్యక్షుడు రాబర్ట్ ముగాబే పార్టీ ఎంపీలే, ప్రభుత్వంలోనూ ఉన్నారు. ఆ ఏడాది ఫిబ్రవరిలో, తన ఎన్నికల పరిశీలకుల బృందం నాయకుడిని జింబాబ్వే బయటికి పంపేసిన తర్వాత, ఈయూ ఆంక్షలు పెట్టింది. ప్రయాణ నిషేధం జాబితా తర్వాత పెరుగుతూ పోయింది. వీళ్ళిద్దరి పేర్లూ అందులో చేరాయి.

బెల్జియం మాత్రం వీసాలిచ్చింది. అంతర్జాతీయ సమావేశానికి వచ్చే ప్రతినిధులను ఆపకూడదనే బాధ్యత తమకుందని దాని లెక్క. ఆపింది యూరోపియన్ పార్లమెంటు. సమావేశం జరగాల్సింది దాని భవనంలో. ఆ ఇద్దరూ లోపలికి రావడానికి వీల్లేదని అది తేల్చేసింది. వాళ్ళు లేకుండా మేమూ కూర్చోమని ఏసీపీ సభ్యులు అన్నారు. సమావేశం మొత్తం రద్దయింది. వచ్చినవాళ్ళు వచ్చిన విమానాల్లోనే తిరిగి వెళ్ళారు.

యూరప్ ఎంపీల వాదన సూటిగా ఉంది. ముగాబే మనుషుల మీద నిషేధం గట్టిగా అమలు చేయమని మంత్రులను అడిగింది మేమే, ఇప్పుడు మా తలుపు మేమే తీస్తే మా మాటకు విలువేముంటుంది అని.

ఏసీపీ వాళ్ళ వాదన కాస్త ఓపిగ్గా వినాలి. ముగాబే మీద ప్రేమతోనే వాళ్ళు లేచి వెళ్ళారని అప్పట్లో చాలా పత్రికలు తేల్చేశాయి. అలా అనుకుంటే అసలు విషయం చేజారిపోతుంది. వాళ్ళ మాటల్లో చెప్పాలంటే, మా పార్లమెంటు ఎవరిని పంపాలో 17వ అధికరణం మాకే వదిలింది. ఈ సభ యూరోపియన్ పార్లమెంటు పెట్టిన విందు కాదు, పిలిచినవాళ్ళే రావడానికి. ఇది ఇద్దరి ఇల్లు. భవనం మీది కాబట్టి గడప దగ్గర ఎవరిని ఆపాలో మీరే చెప్తామంటే ఇక ఉమ్మడి అన్న మాటకు అర్థమేముంది? ఇవాళ జింబాబ్వే, రేపు ఇంకో దేశం. లోమే రోజుల్లో రాయబారులొద్దు, ఎంపీలు కావాలన్నది మీరు. ఎంపీలు వచ్చారు. ఇప్పుడు ఈ ఎంపీలు కాదంటున్నారు. వాళ్ళ గోడు ఇదీ.

ఆ తర్వాత మూడు నెలలకు జరిగింది చూస్తే ఈ గోడుకు బలం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. 2003 ఫిబ్రవరిలో పారిస్‌లో ఆఫ్రికా-ఫ్రాన్స్ శిఖరాగ్ర సమావేశం పెట్టారు. ఫ్రాన్స్ ముగాబేనే పిలిచింది. నిషేధం నుంచి మినహాయింపు దొరికింది, ఆయన వెళ్ళి వచ్చారు. అదే ఏడాది ఏప్రిల్‌లో లిస్బన్‌లో జరగాల్సిన ఈయూ-ఆఫ్రికా సదస్సు ఆయన రాక మీద తగువుతో వాయిదా పడింది. 2007 డిసెంబరులో అదే లిస్బన్‌లో జరిగినప్పుడు ముగాబే వచ్చారు, బ్రిటన్ ప్రధాని గోర్డన్ బ్రౌన్ రానన్నారు. అంటే ప్రభుత్వాల బల్ల దగ్గర, కావాలనుకున్నప్పుడు వెసులుబాటు దొరికింది. గడప దాటనివ్వలేదని సమావేశమే రద్దు చేసుకున్నది ఒక్క ఎంపీల సభే.

2003 మార్చి 31న కాంగోలోని బ్రజావిల్‌లో సభ మళ్ళీ కూర్చుంది. బయటికి అంతా మామూలైపోయినట్టే కనిపించింది. కానీ ఆ సభ ఎవరిది అన్న ప్రశ్న అప్పటి నుంచి తెగలేదు. నియమావళిలో ఒక ఏర్పాటు ఉంది. ఎవరైనా కోరితే రెండు వైపుల వాళ్ళూ విడివిడిగా ఓటేయాలి, రెండు వైపులా నెగ్గితేనే తీర్మానం నెగ్గినట్టు. ఉమ్మడి సభలో గీసిన అడ్డగీత అది. ఏదో ఒక దేశంలో మానవ హక్కుల గురించి తీర్మానం వచ్చినప్పుడు ఆ గీత ఎటు పడుతుందో ముందే ఊహించొచ్చు.

అసలు ఈ సభ తీర్మానాలకు అమలు బలం ఎంత? ఇది సలహా సభ, అంతే. మన తెలుగువాళ్ళకు ఇది చక్కెర కథలో బాగా అర్థమవుతుంది. మారిషస్‌కు కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన కూలీల వారసులు, ఫిజీకి విశాఖ వైపు నుంచి మద్రాసు మీదుగా వెళ్ళినవాళ్ళ వారసులు ఇవాళ్టికీ అక్కడున్నారు. మారిషస్‌లో ఉగాదికి ప్రభుత్వ సెలవు. వాళ్ళ తాతలు చెమటోడ్చిన చెరకు తోటల చక్కెరను 1975 లోమే ఒప్పందంతో పాటు వచ్చిన చక్కెర ప్రోటోకాల్ కింద యూరప్ మంచి ధరకు కొనేది. మారిషస్‌కు ఏటా 4.91 లక్షల టన్నుల కోటా, ఫిజీకి 1.65 లక్షల టన్నులు. మన దేశానికీ విడిగా 10 వేల టన్నులుండేది. ఆ ప్రోటోకాల్‌కు కాలపరిమితి లేదని రాసుకున్నారు. 2005 నవంబరులో యూరప్ వ్యవసాయ మంత్రులు ధరను దశలవారీగా 36 శాతం తగ్గించాలని నిర్ణయించారు. 2007 సెప్టెంబరులో ప్రోటోకాల్‌నే రద్దు చేస్తున్నట్టు ఈయూ నోటీసిచ్చింది. 2009 అక్టోబరు నుంచి అది లేదు. ఇందులో ఏ మెట్టు దగ్గరా ఉమ్మడి సభ అనుమతి అవసరం పడలేదు.

అదే 2007 నవంబరులో రువాండా రాజధాని కిగాలీలో సభ సమావేశమైంది. ఏసీపీ సరుకుకు యూరప్ ఇచ్చే సుంకాల రాయితీకి ప్రపంచ వాణిజ్య సంస్థ ఇచ్చిన మినహాయింపు గడువు డిసెంబరు 31తో అయిపోతోంది. ఆలోగా కొత్త ఆర్థిక భాగస్వామ్య ఒప్పందాలకు ఒప్పుకోకపోతే సుంకాలు పెరుగుతాయని పేద దేశాల మీద ఒత్తిడి. ఆ ఒత్తిడి పెట్టొద్దని, అభివృద్ధికి మేలు చేసే ఒప్పందాలే కావాలని కిగాలీ డిక్లరేషన్ చెప్పింది. ఈ సభ చరిత్రలో రెండు వైపుల ఎంపీలూ ఒక్క గొంతుతో మాట్లాడిన సందర్భాల్లో ఇది ముఖ్యమైనది. యూరోపియన్ కమిషన్ మాత్రం గడువు కదపలేదు. నైజీరియా అప్పుడూ లొంగలేదు. పశ్చిమాఫ్రికాకు అలాంటి ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం 2014లో సిద్ధమైనా నైజీరియా దాని మీద ఇవాళ్టికీ సంతకం పెట్టలేదు. సమోవా విషయంలో అక్కడి ఎంపీలకు ఇంత అనుమానం ఎందుకంటే, కాదన్న అలవాటు వాళ్ళకు కొత్త కాదు.

ఇక కొటోనూ తర్వాత ఏంటి అన్న చర్చలు 2018లో మొదలయ్యాయి. ఈసారి ఒప్పందానికి ఒక ఉమ్మడి పునాది, దాని పైన ఆఫ్రికాకు ఒకటి, కరీబియన్‌కు ఒకటి, పసిఫిక్‌కు ఒకటి చొప్పున విడి భాగాలు. పార్లమెంటరీ సభ కూడా అదే నమూనాలో చీలింది. పైన ఒక ఉమ్మడి సభ, కింద మూడు ప్రాంతీయ సభలు. 2021 ఏప్రిల్ 15న ఈయూ కమిషనర్ యూటా ఉర్పిలైనెన్, ఏసీపీ తరఫున టోగో విదేశాంగ మంత్రి రాబర్ట్ డుస్సీ ముసాయిదా మీద పొడి సంతకాలు చేశారు. అసలు సంతకానికి ఇంకో రెండున్నరేళ్ళు పట్టింది. ఆపింది ఆఫ్రికా దేశమేమీ కాదు. ముఖ్యంగా వలసల నిబంధనల మీద పేచీ పెట్టి హంగరీ అడ్డుకుంది, చివర్లో పోలండ్ కూడా తోడైంది. 2023 నవంబరు 15న సమోవా రాజధాని అపియాలో సంతకాలయ్యాయి. ఆ రోజు ముప్పైకి పైగా దేశాలు దూరంగా ఉండిపోయాయి. వాటిలో నైజీరియా ఒకటి.

ఇక్కడే తేదీలు జాగ్రత్తగా చూడాలి. ఒప్పందం పూర్తిగా అమల్లోకి రావాలంటే ఈయూ ఆమోదంతో పాటు అటు వైపు మూడింట రెండొంతుల దేశాలు ధ్రువీకరించాలి. కానీ 2024 జనవరి 1 నుంచే తాత్కాలిక అమలు మొదలుపెట్టేశారు. ఉమ్మడి సభ, మూడు ప్రాంతీయ సభలు మొదటిసారి కొలువుదీరింది ఫిబ్రవరిలో, అంగోలా రాజధాని లువాండాలో. అంటే ఒప్పందం నడవడం మొదలయ్యాక గానీ దాన్ని గమనించాల్సిన సభలు పుట్టలేదు. ఏడాదికి రెండు సమావేశాల పాత పద్ధతీ పోయింది.

డబ్బు సంగతి కూడా మారింది. ఇదివరకు యూరోపియన్ అభివృద్ధి నిధి విడిగా ఉండేది. అది ఎక్కడ ఖర్చు పెట్టాలన్న దాంట్లో ఏసీపీ దేశాలకు ఒప్పందం ప్రకారం చేయి ఉండేది. 2020తో ఆ నిధి ముగిసింది. ఇప్పుడు డబ్బంతా 2021-27 కాలానికి 79.5 బిలియన్ యూరోలున్న ఈయూ సొంత నిధి నుంచి వస్తుంది. దాని మీద నిఘా యూరోపియన్ పార్లమెంటుది. ఉమ్మడి సభలో మిగతా సగం, అంటే ఏసీపీ సభ్యులు, చూస్తూ కూర్చోవాలి. 2002లో తలుపు దగ్గర వచ్చిన పేచీ ఇప్పుడు గల్లాపెట్టె దగ్గరికి చేరిందన్నమాట.

సంతకాల గడువు 2024 జూన్ 30. నైజీరియా రెండు రోజుల ముందు వెళ్ళి పెట్టింది. గడువు దాటితే దారి మూసుకుపోతుందన్న టెన్షన్ ప్రభుత్వానికి ఉండి ఉండొచ్చు. కానీ సంతకానికి ముందు తమ ప్రతినిధుల సభకు ఒక్క మాట చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. మన దగ్గరా ఇదే తంతు నడిచింది. డంకెల్ ప్రతిపాదనల (1990ల మొదట్లో వచ్చిన ప్రపంచ వాణిజ్య ఒప్పందపు ముసాయిదా) రోజుల్లో పార్లమెంటు లోపలా బయటా ఎంత గోల జరిగినా సంతకం ప్రభుత్వమే పెట్టింది.

ఇక నైజీరియా ఎంపీల చేతిలో ఉన్నదేమిటి? సంతకాన్ని వాళ్ళు చెరపలేరు. కానీ 1999 రాజ్యాంగం 12వ సెక్షన్ ప్రకారం, జాతీయ అసెంబ్లీ చట్టం చేస్తే తప్ప ఏ ఒప్పందానికీ ఆ దేశంలో చట్టబలం రాదు. మామూలుగా అలాంటి బిల్లు పెట్టేది ప్రభుత్వం. పెడితే జూన్ 26 నాటి వివరణ పత్రాన్ని సభ ముందుంచి ప్రతి అధికరణానికీ జవాబు చెప్పుకోవాలి. పెట్టకపోతే బ్రస్సెల్స్‌లో సంతకం ఉంటుంది, అబూజాలో చట్టం ఉండదు. తాత్కాలిక అమలు మాత్రం సాగుతూనే ఉంటుంది.